బెంగళూరులో 11 కేవీ కేబుల్ పని: ఎల్‌సీ నుంచి వెనక్కి ప్లాన్ చేసే పద్ధతి

పోల్స్ మీది 11 కేవీ లైనును తీసి భూమిలో కేబుల్ వేసే పని ఇప్పుడు బెంగళూరులో ఏదో ఒక వీధిలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన గ్యాంగులు, మేస్త్రీలు, సబ్ కాంట్రాక్టర్లు ఈ పనుల్లో చాలామంది ఉన్నారు. ఆలస్యమైన సైటుకు వెళ్లి కారణం అడిగితే సామాను రాలేదనే జవాబు తక్కువ వస్తుంది. డ్రమ్ములు యార్డులో ఉంటాయి, రోడ్డు తవ్వడానికి పర్మిషన్ రాలేదంటారు. ట్రెంచ్ తవ్వి ఉంటుంది, కేబుల్ ముక్కలను అతికే జాయింటర్ ఇంకో సైటులో ఉంటాడు. జాయింట్లు కూడా అయిపోతాయి, ఎల్‌సీ దొరకదు.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైను ఆపి, ఎర్త్ చేసి, ఇక పని చేసుకోవచ్చని పేరు రాసి ఇచ్చే అనుమతి. బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో, అంటే పని సామాను పట్టికలో, కేబుల్ మీటర్లు, ఆర్‌ఎంయూలు (వీధిలో కేబుళ్లను కలిపే, విడదీసే రింగ్ మెయిన్ స్విచ్ పెట్టెలు), ఇసుక, ఇటుకలు అన్నీ ఉంటాయి. పనిని నిజంగా నడిపించే మూడు వనరులు మాత్రం అందులో ఉండవు: ఎల్‌సీ గంటలు, రోడ్డు తవ్వుకోగల రాత్రులు, జాయింటర్ రోజులు. ముందు ఈ మూడింటినీ లెక్కపెట్టి, మిగతా సామానునూ మనుషులనూ వాటికి సర్దాలి. చాలా చోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. సామాను వచ్చాక మనుషులను, మనుషులు వచ్చాక పర్మిషన్లను వెతుక్కుంటారు.

లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. సబ్‌స్టేషన్ నుంచి 2,400 మీటర్ల ఫీడరు. దారిలో 4 ఆర్‌ఎంయూలు, వాటి నుంచి కరెంటు తీసుకునే 6 ట్రాన్స్‌ఫార్మర్లు. మెయిన్ కేబుల్ 3 కోర్ 400 చదరపు మి.మీ. అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ (ప్లాస్టిక్ ఇన్సులేషన్ రకం), ట్రాన్స్‌ఫార్మర్లకు 3 కోర్ 95. రూటులో 1,800 మీటర్లు ఓపెన్ ట్రెంచ్, 600 మీటర్లు హెచ్‌డీడీ, అంటే రోడ్డు కోయకుండా మిషన్‌తో అడ్డంగా డ్రిల్ చేసి పైపు లాగడం.

1. రూటు నడవడం, ట్రయల్ పిట్లు తవ్వడం

గూగుల్ మ్యాప్‌లో గీసిన గీత రూటు కాదు. జేఈనో (జూనియర్ ఇంజనీరు) సెక్షన్ ఆఫీసర్‌నో వెంటబెట్టుకుని నడవండి. ఆర్‌ఎంయూ ఎక్కడ కూర్చుంటుంది, తలుపు తెరిస్తే ఫుట్‌పాత్ మీద మనిషి నిలబడే చోటు ఉంటుందా, హైడ్రా (క్రేన్ బండి) లోపలికి వస్తుందా అన్నవి అక్కడికక్కడే రాసుకోవాలి. ఆర్‌ఎంయూ స్థలం మీద ఇంటివాళ్లో అంగడివాళ్లో అభ్యంతరం పెడితే, పునాది పోశాక కంటే ఇప్పుడే తెలియడం మేలు.

ప్రతి 50 మీటర్లకు, ప్రతి మలుపు దగ్గర, 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు, 1.5 మీటర్ల లోతు ట్రయల్ పిట్ తవ్వించండి. బెంగళూరు భూమి కింద రెండు రకాల అడ్డంకులుంటాయి. ఒకటి రాయి. లాల్‌బాగ్ గుట్ట మీద పైకి కనబడే రాతి జాతే నగరంలో చాలా చోట్ల రెండు మూడు అడుగుల్లోనే తగులుతుంది. రెండోది ఇతరుల లైన్లు: నీళ్ల పైపులు, డ్రైనేజీ, గ్యాస్ పైపు, ఓఎఫ్‌సీ (ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు), కొన్ని రోడ్లలో రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ కంపెనీ కేపీటీసీఎల్ హై వోల్టేజ్ కేబుళ్లు. హెచ్‌డీడీ మిషన్ రాతిలో ఆగిపోతే ఆ రాత్రి పోయినట్టే. నీళ్ల పైపు పగిలితే ఆ రోడ్డులో మీ పర్మిషనే ఆగిపోవచ్చు.

2. డ్రమ్ము పొడవు: చిన్న లెక్క, పెద్ద తేడా

ప్లానింగ్ పని తీరును ఎలా మారుస్తుందో అన్నిటికంటే స్పష్టంగా ఇక్కడే కనబడుతుంది. మన ఉదాహరణలో నాలుగు ముక్కలు: సబ్‌స్టేషన్ నుంచి మొదటి ఆర్‌ఎంయూ 720 మీటర్లు, తర్వాత 540, 610, 530. ప్రతి ముక్కకూ ఎత్తుపల్లాలకు, వంకరలకు 3 శాతం కలపాలి. రెండు చివర్లా పైకెక్కడానికి, లూపుకు 6 మీటర్ల చొప్పున 12 కలపాలి. ప్రతి జాయింటుకు 3 మీటర్ల స్లాక్ వదలాలి.

మొదటి ముక్క చూడండి. 720కి 3 శాతం కలిపితే 742, చివరలు 12, రెండు జాయింట్ల స్లాక్ 6. మొత్తం 760. మామూలుగా ఆర్డరిచ్చే 250 మీటర్ల డ్రమ్ములు మూడు వేస్తే 750. పది మీటర్లు తక్కువ. ఆ పది మీటర్ల కోసం నాలుగో డ్రమ్ము కోయాలి, ఇంకో జాయింట్ వేయాలి. ఇలా నాలుగు ముక్కలూ 250 డ్రమ్ములతో పోతే జాయింట్లు 3, 2, 2, 2 కలిపి 9.

అదే ముక్కకు తగ్గట్టు డ్రమ్ములు అడిగితే: మొదటిదానికి 255 మీటర్లవి మూడు, రెండోదానికి 290వి రెండు, మూడోదానికి 325వి రెండు, నాలుగోదానికి 285వి రెండు. మొత్తం 2,565 మీటర్లు, జాయింట్లు 5. నాలుగు జాయింట్లు తగ్గాయంటే నాలుగు జాయింటర్ రోజులు, నాలుగు కిట్లు, నాలుగు గుంతలు తగ్గినట్టు. అంతకంటే ముఖ్యంగా, రేపు ఫాల్ట్ రాగల నాలుగు చోట్లు తగ్గాయి. భూమిలో వేసిన కేబుల్ ఊరికే చెడిపోదు. ఎక్కువగా జాయింట్ దగ్గరో, ఎవరో జేసీబీతో గీకిన చోటో చెడుతుంది.

ఆర్డరులో ఒక్క వాక్యం తప్పకుండా రాయించండి: డ్రమ్ము పొడవులో తేడా ప్లస్ వైపే ఉండాలి. మామూలు షరతు ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం. మైనస్ 5 అంటే 255 డ్రమ్ము 242గా వస్తుంది, వేసిన లెక్కంతా పోతుంది. డ్రమ్ము పొడవు పెరిగితే బరువూ పెరుగుతుంది. 400 సైజు కేబుల్ మీటరు తొమ్మిది పది కిలోలు ఉంటుంది కాబట్టి 325 మీటర్లంటే డ్రమ్ము కాకుండానే దాదాపు 3 టన్నులు తూగుతుంది. సందులోకి ఆ డ్రమ్ము, దాన్ని దించే హైడ్రా వెళ్లగలవా అన్నది మొదటి అడుగులో నడిచినప్పుడే చూసి ఉండాలి.

3. మూడు అరుదైన వనరుల లెక్క

జాయింటర్. మంచి జాయింటర్, ఒక హెల్పర్‌తో, 400 సైజు స్ట్రెయిట్ జాయింట్ రోజుకు ఒకటి వేస్తాడు. తొందరపెట్టి రెండు వేయిస్తే సెమీకండక్టింగ్ పొర గీసే చోట బ్లేడు లోతుగా దిగుతుంది. ఆ గీత రెండేళ్ల తర్వాత ఫాల్ట్‌గా బయటపడుతుంది. టెర్మినేషన్లు, అంటే కేబుల్ చివరలను పరికరాలకు బిగించే పని, రోజుకు రెండు. మన లెక్కలో జాయింట్లు 5, మెయిన్ కేబుల్ చివరలు 8, ట్రాన్స్‌ఫార్మర్ కేబుళ్ల చివరలు 12. అంటే 5 రోజులు, 10 రోజులు కలిపి 15 జాయింటర్ రోజులు. వాన రోజులు, తడి గుంతలు ఇందులో లేవు.

రోడ్డు. అనుమతి తేదీలు, పని గంటలు కాగితం మీద ఏముంటే అవే మీ రాత్రులు. 2025లో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి రూటు ఎవరి హద్దులో పడుతుందో, మధ్యలో హద్దు మారుతుందో ముందే చూసుకోండి. ట్రాఫిక్ పోలీసుల అనుమతి వేరు. మెయిన్ రోడ్డులో రాత్రి పది తర్వాత తవ్వి తెల్లవారేసరికి పూడ్చాలంటే చేతికి దొరికేది ఐదారు గంటలే.

ఎల్‌సీ. 6 ట్రాన్స్‌ఫార్మర్లు మార్చడానికి 6, మెయిన్ ఫీడరు మార్పుకు 1, పాత లైను విప్పడానికి 1, మొత్తం 8. వారానికి రెండు దొరికితే నాలుగు వారాలు. ఒకటే దొరికితే ఎనిమిది. సబ్‌స్టేషన్ లాగ్ షీట్ నుంచి మీ ఫీడరు, పక్క ఫీడరు గంటగంట ఆంపియర్లు రాసుకుని కలపండి. రెండూ కలిపిన లోడు పక్క ఫీడరు మోయగల దానికి లోపల ఏ గంటల్లో ఉంటుందో ఆ గంటల్లోనే సప్లై పెద్దగా ఆపకుండా ఎల్‌సీ దొరుకుతుంది. ఎప్పుడు కావాలో మీరే చూపించి అడిగితే ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కూడా తొందరగా ఒప్పుకుంటారు.

4. క్యాలెండర్ పరచడం

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వానలు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గట్టి వానలు. తడి ట్రెంచ్ గోడలు కూలతాయి, జాయింట్లు వేయలేం. మార్చి నుంచి లోడు పెరుగుతుంది, పక్క ఫీడరుకు ఖాళీ ఉండదు. పైగా పీయూసీ (ఇంటర్), ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి) పరీక్షల రోజుల్లో పగటిపూట కరెంటు తీయడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇవన్నీ తీసేస్తే మిగిలే మంచి కాలం నవంబరు సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా.

ఆ కాలంలోనే గ్యాంగు పలచబడుతుంది. నవంబరు, డిసెంబరుల్లో కోలారు, చిక్కబళ్లాపురం వైపు రాగుల పంట కోతలుంటాయి. జనవరిలో సంక్రాంతికి మనవాళ్లు ఊరెళితే వారం పది రోజులు రారు. వెళ్లొద్దని చెప్పి ఆపగలమనుకోవడం ప్లాన్ కాదు. సంక్రాంతి ముందువారానికి ట్రెంచ్ పని ఒక ముక్క చివర ఆగేలా చూసుకోవాలి. తెరిచిన గుంత ఒక్కటీ వదలకూడదు. గ్యాంగు లేని ఆ పది రోజుల్లో జాయింటర్ పని, టెస్టింగ్ పెట్టాలి. వాటికి నలుగురైదుగురు చాలు. పండగ తర్వాతి మొదటి వారానికి ఎల్‌సీలు ముందే రాయించుకోవాలి.

5. సామాను ఆర్డర్లు: ఏది ముందు, ఏది చివర

ఆర్‌ఎంయూ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది. డ్రాయింగ్ అప్రూవల్, తయారీ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షన్ కలిపి ప్లాన్‌లో నాలుగు నెలలు పెట్టుకోండి. నగరానికి కరెంటు ఇచ్చే బెస్కాం దూరం నుంచే స్విచ్‌లు నడిపే డిస్ట్రిబ్యూషన్ ఆటోమేషన్‌కు కలిపే ఆర్‌ఎంయూ అయితే మోటారు, కమ్యూనికేషన్ యూనిట్, బ్యాటరీ కూడా ఆర్డరులోనే ఉన్నాయో లేదో చూడండి. తర్వాత విడిగా తెప్పించడం నెలల పని. కేబుల్‌కు మూడు నెలలు. ట్రాన్స్‌ఫార్మర్ కొత్తదైతే భారత ప్రమాణం ఐఎస్ 1180 ప్రకారం రొటీన్ టెస్ట్ రిపోర్టులు, టైప్ టెస్ట్ సర్టిఫికెట్ గడువు ముందే సరిచూడాలి. పరీక్షలు చేసే సంస్థ సీపీఆర్‌ఐ బెంగళూరులోనే ఉన్నా టెస్టింగ్ బే కోసం క్యూ తప్పదు.

హీట్ ష్రింక్ కిట్లు (వేడి చేస్తే ముడుచుకుని కేబుల్‌ను పట్టే జాయింట్ సామాను) మాత్రం ముందుగా కొనకండి. వాటిలోని మాస్టిక్‌కు, జిగురుకు గడువు తేదీ ఉంటుంది. ఎండలో రేకుల షెడ్డు కింద ఆరు నెలలు పడున్న కిట్ ముడుచుకుంటుంది కానీ అతుక్కోదు. కేబుల్ లాగే తేదీకి రెండు మూడు వారాల ముందు వస్తే చాలు. గడువు తేదీ చూసుకునే దించుకోండి.

డబ్బు సంగతీ ఇక్కడే. సామాను, పని రెండూ కాంట్రాక్టరువే అయిన టర్న్‌కీ పనుల్లో సామాను దించగానే బిల్లులో పెద్ద భాగం వస్తుంది. అందుకే కాంట్రాక్టరుకు డ్రమ్ములు త్వరగా దించాలనిపిస్తుంది, ట్రెంచ్ వెనకబడుతుంది. పని ఇచ్చేవాళ్లు చార్జ్ చేసిన, అంటే కరెంటు ఎక్కించిన ముక్కకు చెల్లింపు పెట్టగలిగితే వనరులు వాటంతటవే వరుసలో పడతాయి.

యార్డులో డ్రమ్ము నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. కోసిన చివరకు వెంటనే హీట్ ష్రింక్ క్యాప్ వేయాలి. ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కడితే నీళ్లు లోపలికి వెళ్తాయి. ఎక్స్‌ఎల్‌పీఈలోకి చేరిన తేమ మెల్లగా ఇన్సులేషన్‌ను తినేస్తుంది.

6. ట్రెంచ్, లాగుడు

ఐఎస్ 1255 ప్రకారం 11 కేవీ కేబుల్ 0.9 మీటర్ల లోతులో, రోడ్డు దాటే చోట 1 మీటరు లోతులో ఉండాలి. కింద ఇసుక పరుపు కలుపుకుంటే తవ్వేది 1.1 మీటర్లు, వెడల్పు 0.45. మీటరుకు దాదాపు అర ఘనపు మీటరు మట్టి. 1,800 మీటర్లకు సుమారు 890 ఘనపు మీటర్లు. మామూలు మట్టిలో మనిషి రోజుకు ఒకటిన్నర ఘనపు మీటర్లు తీస్తాడనుకుంటే 12 మంది గ్యాంగు రోజుకు 36 మీటర్లు. మొత్తం 50 గ్యాంగు రోజులు, రెండు గ్యాంగులకు 25. రాయి తగిలిన చోట ఈ లెక్క పనికిరాదు. అందుకే ట్రయల్ పిట్లలో రాయి కనబడిన పొడవును విడదీసి, బ్రేకర్ పెట్టిన జేసీబీకి వేరే రోజులు రాయాలి.

ఇసుక, కేబుల్ కింద 75, పైన 75 మి.మీ. చొప్పున మీటరుకు 0.1 ఘనపు మీటరు, మొత్తం 180. ఎం శాండ్ చాలు, కంకర ముక్కలు ఉండకూడదు. పైన ఇటుకలు అడ్డంగా పేర్చితే మీటరుకు తొమ్మిది, మొత్తం 16,200. వాటిపైన వార్నింగ్ టేప్. మట్టిని 200 నుంచి 300 మి.మీ. పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి. ఒకేసారి నింపితే మొదటి వానకే రోడ్డు కుంగుతుంది, అదే గ్యాంగు మళ్లీ అక్కడికి రావాల్సి వస్తుంది.

లాగుడు రోజు ఎక్కువగా తక్కువపడేది రోలర్లు. 3 మీటర్లకు ఒకటి చొప్పున 325 మీటర్లకు 110 దాకా కావాలి. నలభై రోలర్లతో లాగితే కేబుల్ నేలకు రాసుకుని షీత్ (పై తొడుగు) కోసుకుపోతుంది. మలుపుల్లో వంపు వ్యాసార్ధం కేబుల్ వ్యాసానికి 15 రెట్ల కంటే తగ్గకూడదు. 85 మి.మీ. కేబుల్‌కు అది దాదాపు 1.3 మీటర్లు. విన్చ్ వాడితే, కండక్టర్లకు పుల్లింగ్ ఐ బిగించినప్పుడు అల్యూమినియంకు చదరపు మి.మీ.కు 30 న్యూటన్లు హద్దు. మూడు కోర్లు కలిపి 1,200 చదరపు మి.మీ. కాబట్టి 36,000 న్యూటన్లు, అంటే సుమారు 3.7 టన్నులు. డైనమోమీటరు లేని విన్చ్ వద్దు. హెచ్‌డీడీలో హెచ్‌డీపీఈ పైపు లోపలి వ్యాసం కేబుల్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఈ కేబుల్‌కు 160 మి.మీ. పైపు సరిపోతుంది. పైపు వేసిన రోజే రెండు మూతులూ మూయాలి. లేకపోతే లాగే రోజుకు సగం బురద ఉంటుంది.

7. దశలవారీగా కాదు, ముక్కలవారీగా

మామూలు పద్ధతిలో ముందు ట్రెంచ్ అంతా, తర్వాత కేబుల్ అంతా, ఆ తర్వాత జాయింట్లన్నీ, చివరికి ఎల్‌సీలు. మన ఉదాహరణలో ట్రెంచ్ 25 రోజులు, లాగుడు 6, జాయింటింగ్ 15, టెస్టింగ్ ఒకటి రెండు. ఎనిమిది వారాలు. అప్పుడు ఎల్‌సీలు మొదలై నాలుగు వారాలు. మొత్తం పన్నెండు.

అవే మనుషులతో ముక్కలవారీగా చూడండి. మొదటి ముక్కలో ఓపెన్ ట్రెంచ్ 540 మీటర్లు అనుకుంటే రెండు గ్యాంగులకు 8 రోజులు. హెచ్‌డీడీ అదే సమయంలో వేరే టీముతో. లాగుడు 2 రోజులు, రెండు జాయింట్లకు 2, మెయిన్ చివరలు రెండు, ట్రాన్స్‌ఫార్మర్ చివరలు నాలుగు కలిపి 3, టెస్టింగ్ 1. పదహారు పని దినాల్లో మొదటి ముక్క చార్జ్‌కు సిద్ధం. నాలుగో వారం నుంచి వారానికి రెండు ఎల్‌సీలు వాడుకుంటూ పోతే ఏడో వారం చివరికి ఎనిమిదీ అయిపోతాయి. ఈలోపు గ్యాంగులు ముందు ముక్కలకు, వాళ్ల వెనకే జాయింటర్ కదులుతుంటారు. ఒక్క మనిషినీ పెంచకుండా ఐదు వారాలు మిగిలాయి.

దీనికి ఒక షరతు ఉంది. సబ్‌స్టేషన్‌లో కొత్త కేబుల్‌కు ఖాళీ 11 కేవీ బ్రేకర్ ఉండాలి. అప్పుడే పాత లైను పాత బ్రేకర్ మీద నడుస్తూ, ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కొక్కటిగా కొత్త కేబుల్ మీదికి మారతాయి. నగరంలో 66/11 కేవీ సబ్‌స్టేషన్లు కేపీటీసీఎల్‌వి కాబట్టి ఆ ఉత్తరం పని మొదలవగానే పోవాలి. ఖాళీ లేకపోతే ప్రతి ముక్క చివరా పాత లైనుకు తాత్కాలిక ట్యాప్ ఇవ్వాలి. దానికి అవుట్‌డోర్ టెర్మినేషన్ కిట్, కేబుల్ ముక్క అంచనాలోనే రాసుకోవాలి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కూడా ఏయే భాగాలుగా చార్జ్ చేస్తారో చూపించి ముందే అడగాలి.

8. ఎల్‌సీ రోజు

నాలుగు గంటల ఎల్‌సీలో పని చేసేది రెండున్నర గంటలే. మిగతాది ఆపడం, ఎర్త్ చేయడం, విప్పడం, చార్జ్ చేయడం. అందుకని సామాను ముందురోజు సాయంత్రం సైటులో లెక్కపెట్టాలి: 95 సైజు డై పెట్టిన క్రింపింగ్ టూల్, బై మెటాలిక్ లగ్గులు, 11 కేవీ వోల్టేజ్ డిటెక్టర్, రెండు సెట్ల డిస్చార్జ్ రాడ్లు, ఇన్సులేషన్ పరీక్షించే 5 కేవీ మెగ్గర్, ఫేజ్ సీక్వెన్స్ మీటరు. ఎల్‌సీలు చేజారేది పెద్ద సామాను లేక కాదు, సరైన డై రాక.

ఎల్‌సీ ఎవరి పేరున ఉందో ఆ ఒక్కరే తిరిగి ఇవ్వాలి. పవర్‌మ్యాన్ ఆపాడన్న మాట మీద చెయ్యి పెట్టకూడదు. అపార్ట్‌మెంట్ల జనరేటర్లు, మేడమీది సోలార్ నుంచి వెనక్కి కరెంటు రావచ్చు. పని చేసే చోటికి రెండు వైపులా, ఎల్‌టీ వైపు (ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజ్ వైపు) కూడా డిటెక్టర్‌తో చూసి ఎర్త్ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్తింగ్ కనెక్షన్లు ఉండాలి. మార్చే తొందరలో ఒకటి విప్పి మరిచిపోయే చోటు ఇదే.

విప్పే ముందు ఎల్‌టీ వైపు ఫేజ్ సీక్వెన్స్ రాసుకుని, చార్జ్ చేశాక మళ్లీ చూడండి. మారితే లిఫ్టులు ఆగిపోతాయి, బోర్ మోటార్లు తిరగబడి తిరుగుతాయి, గంటలో ఫోన్లు మొదలవుతాయి. రింగ్ మూసే ఆర్‌ఎంయూ దగ్గర రెండు వైపులా ఫేజులు కలిశాయని పరీక్షించకుండా స్విచ్ వేయకూడదు.

9. వారం వారం చూడాల్సిన అంకె

తవ్విన మీటర్లు, లాగిన మీటర్లు రిపోర్టుల్లో బాగా కనిపిస్తాయి, కానీ వాటి నుంచి ఒక్క ఇంటికీ కరెంటు వెళ్లదు. రాయాల్సింది చార్జ్ అయిన మీటర్లు. దాని పక్కన నాలుగు అంకెలు చాలు: అడిగిన ఎల్‌సీలు ఎన్ని, వాడుకున్నవి ఎన్ని, జాయింటర్ ఖాళీగా ఉన్న రోజులు, తెరిచి ఉన్న ట్రెంచ్ పొడవు. తెరిచిన ట్రెంచ్ రెండు గ్యాంగుల మూడు రోజుల పని, అంటే సుమారు 200 మీటర్లు దాటితే కొత్తగా తవ్వడం ఆపి వెనకది పూడ్చండి.

ప్రతి జాయింటుకూ ఒక కార్డు ఉండాలి: తేదీ, జాయింటర్ పేరు, కిట్ బ్యాచ్ నంబరు, దగ్గరి స్థిరమైన గుర్తు నుంచి కొలత, జీపీఎస్. ఫాల్ట్ వచ్చిన రోజు ఎక్కడ తవ్వాలో ఈ కార్డే చెబుతుంది.

పాత లైను విప్పాక సామాను స్టోర్స్‌కు అప్పజెప్పే దాకా పని ముగియదు. 2,400 మీటర్ల లైనులో మూడు వైర్లు రాబిట్ ఏసీఎస్‌ఆర్ (మధ్యలో ఉక్కు తీగ ఉన్న అల్యూమినియం వైరు) అయితే 7.2 కిలోమీటర్లు, కిలోమీటరుకు 214 కిలోల చొప్పున సుమారు 1,540 కిలోలు తూగాలి. వేబ్రిడ్జ్ చీటీ, పోల్స్ లెక్క, ఇన్సులేటర్ల లెక్క పాత లైను కొలతలతో సరిపోకపోతే ఫైనల్ బిల్లు అక్కడే నిలుస్తుంది. పోల్స్ మీద వీధి దీపాలు, ఎల్‌టీ వైర్లు, ఓఎఫ్‌సీ మిగిలి ఉంటే పోల్ తీయలేం. వాటిని ఎవరు ఎప్పుడు తీస్తారో చివరి ఎల్‌సీ తేదీకి రెండు వారాల ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.